విలుకాని కన్ను

చిత్తూరు నుండి కాణిపాకమునకు పోవు త్రోవలో, వేరుసెనగ కాయ గట్టిపడు దినములలో సాయంకాలపు వేళ నడచినవారికి ఒక దృశ్యము కనబడును. చేను నడుమ నాలుగు గుంజలపై కట్టిన మంచె, మంచెమీద ఒక కంబళి, దాని ప్రక్కన ఒక ఖాళీ డబ్బా, ఒక కర్ర. చీకటి పడగానే రైతు మంచె ఎక్కును. అతడు కాచునది దొంగలను కాదు, అడవిపందులను. ఒక మంద ఒక్క రాత్రి చేనిలో దిగినచో తెల్లవారునప్పటికి సాళ్లు తలక్రిందులై నాలుగు మాసముల కష్టము మట్టిపాలగును. డబ్బా మ్రోగినచో మంద పారిపోవును. కాని ఆ చప్పుడు పంది చెవిని పడుటకు ముందే మంచెమీది మనిషి వాసన దాని ముక్కున పడవచ్చును. అందుచేతనే రైతు మంచె ఎక్కిన వెంటనే మొదట చూచునది గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదని. ఈ సంగతి అతనికి ఏ గ్రంథమును చెప్పలేదు. తాతలనాటినుండి చేతికి వచ్చిన తెలివి అది.

ఆ తెలివిలో ఆరితేరిన ఒక విలుకాని జీవితమును నేడు పాఠకులకు మనవి చేయదలచితిని.

కాణిపాకమున బాహుదా నది ఒడ్డున వెలసిన వరసిద్ధి వినాయకుని కథ మన పిల్లలందరికిని తెలిసినదే. ముగ్గురు అన్నదమ్ములు కలరు. ఒకనికి చూపు లేదు, ఒకనికి వినికిడి లేదు, ఒకనికి మాట లేదు. కొద్దిపాటి భూమిని ఏతపు నీటితో పండించుకొని బ్రదుకుచుండిరి. ఒక ఏడు బావి ఎండిపోగా దానిని లోతు చేయుటకై దిగిరి. గడ్డపార రాతికి తగిలెను, రాతినుండి నెత్తురు చిమ్మెను. ఆ నెత్తుటి నీరు తాకినంతనే ముగ్గురి లోపములును తొలగిపోయెనని స్థలపురాణము. ఇచటికి సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, స్వర్ణముఖీ నది ఒడ్డున, శ్రీకాళహస్తిలో మరియొక రాతినుండి నెత్తురు కారిన కథ కలదు. కాణిపాకమున ఆ నెత్తుటి వలన చూపు లేనివాడు చూపు పొందెను. కాళహస్తిలో ఆ నెత్తుటిని చూచినవాడు తన చూపును ఇచ్చివేసెను. అతడే తిన్నడు. లోకము అతనిని కన్నప్ప యని పిలుచుచున్నది.

తిన్నని జీవితము మనకు కవుల వలన దక్కినది. శివభక్తులైన అరువదిమువ్వురు నాయనార్ల చరిత్రలను 12వ శతాబ్దమున శేక్కిళారు అను తమిళ మహాకవి పెరియపురాణమను పేర రచించెను. అందు కన్నప్ప చరిత్ర మిక్కిలి ప్రసిద్ధము. అంతకు ముందే మాణిక్యవాచకుడు కన్నప్ప ప్రేమను స్మరించెను. శంకరాచార్యుల పేర ప్రచారమున ఉన్న శివానందలహరిలో ఈ వేటగాని పూజను కొనియాడిన శ్లోకము కలదు. తెలుగున పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున ఉడుమూరి కన్నప్పను కీర్తించెను. 16వ శతాబ్దమున కాళహస్తి వాడైన ధూర్జటి తన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నని కథను పెంచి తీర్చిదిద్దెను. నేను కథాక్రమమును ప్రధానముగ శేక్కిళారునుండి గ్రహించి, ధూర్జటి చేర్చిన సొగసును తగిన చోట చూపెదను.

పొత్తపినాడు అనునది నేటి కడప సీమలోనిది. తెలుగుచోడులు ఏలిన సీమయది. అందు ఉడుమూరు అను వేటగాండ్ర పల్లె ఒకటి ఉండెను. రాజంపేట దగ్గరి ఊటుకూరే నాటి ఉడుమూరని అచటివారు నమ్ముదురు. ఆ పల్లెకు దొర నాగుడు, అతని భార్య తత్త. చాలకాలము సంతానము లేక కుమారస్వామిని కొలువగా వారికి ఒక కొడుకు కలిగెను. తండ్రి బిడ్డను చేతులలోనికి ఎత్తుకొనగా శిశువు బరువుగ, దిట్టముగ ఉండెను. అందుచే బలమును తెలుపు మాటతో తిన్నడని పేరిడిరి. పల్లెలోని పిల్లలు ఆడుకొను ఆటలే అతనికిని ఆటలు. ఈడు రాగానే పెద్దలు మంచిదినము చూచి, పల్లెయంతయు పండుగ చేసికొనుచుండగా, అతని చేతికి విల్లు ఇచ్చిరి. 16 ఏండ్లు నిండునప్పటికి విలువిద్యలో అతనికి ఆ సీమలో సాటి లేకపోయెను.

ఇంతలో నాగుడు ముసలివాడయ్యెను. నెలనెల జరుగవలసిన వేట వెనుకబడెను. అడవిలో మృగములు పెరిగి కొండచేలమీద పడుచుండెను. పల్లెవారు దొరకడకు వచ్చి పైరు నిలుచుట లేదని మొరపెట్టుకొనిరి. నేడు కాణిపాకము రైతు చెప్పుకొను మొరయే నాడు ఉడుమూరి వారును చెప్పుకొనిరి. నాగుడు తన వలన కాదని యెరిగి, దొరతనమును కొడుకునకు అప్పగించి, తొలివేటకు సాగనంపెను. తిన్నడు విల్లు పట్టి అడవికి పోయినది వినోదమునకు కాదనియు, ఊరి కూటిని కాచుటకనియు పాఠకులు గమనింపవలెను.

ఆ తొలివేటలో తిన్నని భాగ్యమును మార్చినది ఒక అడవిపంది. అది ఎట్టి మృగమో తెలిసికొననిదే తిన్నని నేర్పు మనకు తెలియదు.

అమరకోశమున వరాహమునకు పండ్రెండు పేర్లు కలవు. విద్యార్థులు వానిని కంఠస్థము చేయుదురు గాని, వానిలో ఒక వేటగాని అనుభవమంతయు ఇమిడియున్నదని సాధారణముగ తలపరు. ఘోణి యనగా గొప్ప ముక్కు కలది. స్తబ్ధరోమ మనగా నిక్కిన వెండ్రుకలు కలది. దంష్ట్రి యనగా కోరలు కలది. భూదార మనగా నేలను చీల్చునది. ఈ నాలుగు పేర్లు చాలును.

మొదటిది ముక్కు. మానవునకు వాసనలను గ్రహించుటకు పనికివచ్చు జన్యువులు సుమారు 400 అనియు, పందికి అట్టివి 1,000కి పైగా అనియు నేటి శాస్త్రజ్ఞులు లెక్కించిరి. నేలలో జానెడు లోతున ఉన్న తుంగగడ్డ వాసన దానికి తెలియును, గాలివాలున దూరముననున్న మనిషి వాసనయు తెలియును. కావున విలుకాడు గాలికి ఎదురుగ నడువవలెను. కొండలలో ఇది అంత తేలిక కాదు. రాత్రి చల్లబడిన గాలి తెల్లవారుజామున కొండమీదినుండి లోయలోనికి దిగును. ఎండ యెక్కిన పిమ్మట వేడెక్కిన గాలి లోయనుండి కొండమీదికి ఎగయును. వేకువను పందికి దిగువన నిలిచి వాసన తప్పించుకొనినవాడు, జామెడు ప్రొద్దెక్కినను అచటనే నిలిచియున్నచో పట్టుబడును. గాలి మారుటను మేనితో కనిపెట్టలేనివాడు వేటగాడు కాడు.

రెండవది చెవి. ఎండుటాకు నలిగినను పంది వినును. ఇచట విలుకానికి ఒక చిక్కు కలదు. నారి వదలినప్పుడు చిన్నదైనను ఒక మ్రోత పుట్టును. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. చేతివిల్లునుండి వెడలిన బాణము సెకనుకు 50 మీటర్లు పోయిన గొప్ప. ఇరువది మీటర్ల దూరముననున్న పందిని బాణము చేరుటకు సెకనులో ఇంచుమించు రెండు పాళ్లు, అనగా అయిదింట రెండు వంతుల కాలము పట్టును. నారి మ్రోత అంతకు చాల ముందే చేరును. ఆ నడిమి కాలములో బెదిరిన పంది క్రుంగి, మలగి, ఒక్క దుముకు దుముకును. గురి ఎంత గొప్పదైనను బాణము చోటు తప్పును. కావున విలుకాడు దాపునకు పోవలెను, పంది తల నేలలోనుండి ఊపిరి విడుచుచు గడ్డలు త్రవ్వుకొను వేళకై వేచియుండవలెను. విలువిద్యలో బాణము వేయుట చివరి అక్షరము మాత్రమే. అంతకు ముందున్న పాఠమంతయు నిలుచుట, వేచుట.

పంది కన్ను మాత్రము మందము. చెట్టువలె కదలక నిలిచిన మనిషిని అది పోల్చుకొనలేదు. కాని కన్నులు తలకు ఇరుప్రక్కల ఉండుటచే ముందును ప్రక్కలను ఇంచుమించు చుట్టును దానికి కనబడును. చేయి కదలినదా, పట్టుబడితిమి.

పందికి అనుమానము కలిగినప్పటి తీరును పెద్దలు ఇట్లు చెప్పుదురు. మొదట అది పారదు. ఉన్నచోటనే కొయ్యబారి, మూతి పైకెత్తి గాలిని చూచును. చెవులు నిక్కును, వీపుమీది జూలు నిలువుగ లేచును. అప్పుడు విలుకాడు ఊపిరి బిగబట్టినచో, గాలి తోడుపడినచో, అది మరల తల వంచవచ్చును. లేనిచో ఒక్క బుసతో మందయంతయు తోకలెత్తి పొదలలోనికి దూరును. ఆ మందలో ఉండునవి తల్లులు, చారల పిల్లలు. ముదిసిన మగపంది ఒంటిగ తిరుగును, దానినే మన పూర్వులు ఏకలమనిరి. ఈ బెదురును పిరికితనమని తలచుట పొరపాటు. తెలియని దానిని చూచి ముందు పారిపోయి తరువాత ఆలోచించుట వలననే దాని వంశము నిలిచినది. పారుటకు త్రోవ లేనప్పుడు అదే పంది పులికైనను ఎదురు తిరుగును. మగపంది బుజములపై చర్మము క్రింద గట్టి పొర ఒకటి డాలువలె పెరిగియుండును. తోడి మగపందుల కోరలనుండి దానిని కాచునది ఆ పొరయే. ఎదుటినుండి వేసిన బాణము అచట ఆగిపోవచ్చును. తప్పు చోట తగిలిన బాణముతో పంది పారినచో, అది ఎచటనో పొదలో బాధపడి చచ్చును. అది వేటగానికి కూడు కాదు, పాపము.

ఇట్టి మృగమును వెదకికొనుచు తిన్నడు తొలివేటకు వెడలెను. వేటగాండ్రు చెట్ల నడుమ వలలు కట్టిరి, కుక్కలను విడిచిరి, తప్పెటలు మ్రోగించిరి. శేక్కిళారు ఇచట ఒక ధర్మమును చెప్పును. ఆ వేటగాండ్రు పాలు విడువని కూనలను వెంటాడరు, చూలుతో మెల్లగ నడుచు మృగములను బాధింపరు. నెత్తురు చిందు వేటలో కూడ దాటరాని గీత ఒకటి వారికి కలదన్నమాట.

ఆ సందడిలో ఒక గొప్ప మగపంది వలను తెంచుకొని పారెను. తిన్నడు దాని వెంటపడెను. అతని జాడ పట్టి రాగలిగినవారు నాణుడు, కాడుడు అను ఇద్దరే. పంది కొండలు దాటి, మడుగులు దాటి, పొద్దు వాలువరకు పారిపారి, తుదకు ఒక కొండచరియలో చెట్లనీడను ఆగిపోయెను. అచట తిన్నడు చేసిన పని వింతయైనది. విలువిద్యలో సాటిలేనివాడు విల్లు ఎక్కుపెట్టలేదు. దగ్గరకు పోయి కత్తి దూసి ఒక్క వ్రేటున దానిని రెండు తుండెములు చేసెను. కారణమును కవి చెప్పలేదు. వేట తెలిసినవారు ఊహింపగలరు. అలసి తిరగబడి నిలిచిన పంది ఎదుట చూపునది తల, బుజములు. అచట బాణము నమ్మదగినది కాదు. ప్రాణము తీయక తప్పనప్పుడు ఆలస్యము లేక తీయుట ఆ వృత్తిలోని దయ.

మువ్వురకును ఆకలి, దప్పి. ఆ పంది మాంసమును కాల్చుకొనవలెనన్నను నీరు దగ్గర లేదు. కొంత దూరమున ఏరు కలదని నాణుడు చెప్పగా పందిని మోసికొని పోయిరి. ఆ యేరే స్వర్ణముఖి, మన కవుల మొగలేరు. ఏటి ఆవల కొండ కనబడెను. దానిపై దేవుడున్నాడని నాణుడు తెలిపెను. కాడుని నిప్పు చేయుమని నియమించి, తిన్నడు నాణునితో కొండ ఎక్కెను. ఎక్కుకొలది తన మేనిమీది బరువేదో దిగిపోవుచున్నట్లు అతనికి తోచెనని కవి చెప్పును.

కాళహస్తిలోని లింగము పంచభూతలింగములలో వాయులింగము. గర్భాలయమున గాలి చొరబడు త్రోవ లేకున్నను దీపశిఖ కదలుచుండునని చెప్పుదురు. పుట్టినది మొదలు గాలిని కనిపెట్టి బ్రదికినవాడు తుదకు గాలియే దేవుడైన చోటికి వచ్చెను. ఇది నా ఊహయే కాని, కాళహస్తి క్షేత్రమునకును ఆ వేటగానికిని గల సంబంధమును తలచినప్పుడెల్ల ఇది నాకు స్ఫురించును.

లింగమును చూడగానే తిన్నడు పరుగెత్తి కౌగిలించుకొనెను. పిమ్మట అతనికి కలిగిన మొదటి తలంపు భయము. పులులు, ఏనుగులు తిరుగు ఈ అడవిలో స్వామి ఒంటరిగ ఉన్నాడే అని. ధూర్జటి ఈ ఘట్టమును మిక్కిలి ముద్దుగ పెంచెను. ఆ కావ్యమున తిన్నడు శివుని ఉడుమూరికి రమ్మని బ్రతిమాలును. అచట దొరకు తిండ్లను, సుఖములను చిన్నపిల్లవానివలె ఏకరువు పెట్టును. లింగము కదలదు. స్వామి రానిచో తానే ఉండిపోవుదునని అతడు నిశ్చయించుకొనును.

లింగముమీద నీరు, ఆకులు ఉండుట చూచి, ఇది ఎవరి పనియని తిన్నడు విచారించెను. పూర్వము నాగునితో వచ్చినప్పుడు ఒక బ్రాహ్మణుడు నీరు పోసి, ఆకులు పూలు పెట్టి, తిండి పెట్టుట చూచితినని నాణుడు చెప్పెను. స్వామికి నచ్చిన పని అదియే కాబోలునని తిన్నడు అనుకొనెను. కొండ దిగి వచ్చి, కాల్చిన పంది మాంసమును ముక్కముక్కగ నోట రుచి చూచి, మెత్తనివి ఏరి ఆకుదొన్నెలో ఉంచెను. ఒక చేత దొన్నె, మరియొక చేత విల్లు. ఆ అడవిలో విల్లు విడువరాదు. కావున అభిషేకజలమును నోట నింపుకొనెను, పూలను కొప్పున ముడిచికొనెను. కొండ ఎక్కి లింగముమీది పాత ఆకులను చెప్పుకాలితో త్రోసి, నోటి నీటిని విడిచి, కొప్పులోని పూలను దులిపి, మాంసమును పెట్టెను. లోకమునకు అనాచారముగ తోచిన ఆ మూడు పనులకును మూలము అతని చేతులు రెండే యగుట. ఆ రాత్రియంతయు కోవెల వాకిట విల్లుపట్టి కావలి నిలిచెను.

నాణుడు, కాడుడు అతనికి మతి చలించినదని తలచి పల్లెకు పోయి చెప్పిరి. నాగుడు, తత్త వచ్చి ఎంత బ్రతిమాలినను తిన్నడు కదలలేదు. ఊరి పైరును కాచుటకై విల్లు పట్టినవాడు ఆ పనిని విడుచుట వారికి గుండెకోత. ఈ కథలో తల్లిదండ్రుల దుఃఖమును మనము తేలికగ దాటిపోరాదు.

మరుసటి వేకువను తిన్నడు వేటకు పోగానే నిత్యము వచ్చు పూజారి శివగోచారి వచ్చెను. కోవెలలో ఎముకలు, మాంసము చూచి అతని గుండె పగిలెను. ఏండ్లకొలది మడితో, మంత్రముతో కాపాడిన చోటు మైలపడినది. కన్నీటితో తుడిచి, కడిగి, విధి ప్రకారము పూజచేసి పోయెను. తిన్నడు తేనె కలిపిన క్రొత్త మాంసముతో వచ్చి ఆ పూజనంతయు మరల త్రోసివేసెను. ఇట్లు అయిదు దినములు జరిగెను. ఒకరినొకరు చూడని ఇద్దరు భక్తులు ఒకరి పూజను ఒకరు చెరుపుచుండిరి. ఇద్దరిలో ఎవరిదియు కపటము కాదు. అయిదవ రాత్రి శివుడు పూజారికి కలలో కనబడి, ఆ వేటగాని ప్రతి పనియు తనకు ప్రియమని తెలిపి, మరునాడు చాటున నిలిచి చూడుమని ఆజ్ఞాపించెను.

ఆరవ దినమున తిన్నడు వచ్చుచుండగా త్రోవలో అపశకునములు తోచెను. పరుగెత్తి వచ్చి చూడగా లింగమున ఒక కంటినుండి నెత్తురు కారుచుండెను. చేతిలోని మాంసము, విల్లు, కొప్పులోని పూలు నేలపాలయ్యెను. అతడు నేలకూలెను. లేచినవాడై అతడు చేసిన మొదటి పని ఏడ్చుట కాదు. విల్లు తీసికొని శత్రువుకై వెదకుట. కొట్టినవాడు వేటగాడైన అడుగుజాడ ఉండును, మృగమైన గిట్టగుర్తు ఉండును, నలిగిన గడ్డి ఉండును. కొండచుట్టును వెదకెను. ఏ జాడయు లేదు. పదునారేండ్లు నేర్చిన విద్యయంతయు అచట ముగిసిపోయెను. జాడ లేని బాధను బాణముతో కొట్టుటెట్లు?

పసరులు తెచ్చి పిండెను, నెత్తురు ఆగలేదు. కండ పోయిన చోట కండయే మందని పెద్దలు చెప్పిన మాట అతనికి జ్ఞప్తికి వచ్చెను. బాణపు మొనతో తన కన్ను పెరికి లింగమునకు పెట్టెను. నెత్తురు ఆగెను. తిన్నడు సంతోషముతో గంతులు వేసెను.

ఇచట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. పందికి ముక్కు ఎట్టిదో విలుకానికి కన్ను అట్టిది. వాసనలోను, వినికిడిలోను మృగము మనిషికంటె మిన్న. మనిషికి దానిమీద గల మేలు చూపు ఒక్కటే. ఆ చూపే అతని కూడు, అతని దొరతనము, అతని పేరు. అయినను గురి చూచునప్పుడు విలుకాడు ఒక కన్ను మూయుట కలదు. ఒక కన్ను ఇచ్చినవాడు ఇంకను విలుకాడే. అందుచేతనే పరీక్ష అంతటితో ముగియలేదు. లింగమున రెండవ కంటినుండి నెత్తురు కారెను.

తిన్నడు ఈసారి శత్రువుకై వెదకలేదు. మందు తెలిసినది, మందు తనకడనే ఉన్నది. కాని రెండవ కన్ను పెరికిన పిమ్మట లింగపు కన్ను ఎచటనున్నదో కనబడదు. కావున గుర్తుకై ఆ చోట తన పాదమును ఆనించెను. విలుకాడు తన జీవితములో చివరిసారి పెట్టుకొనిన గురి అది. బాణము ఎత్తి కంటికి చేర్చెను. అంతలో లింగమునుండి ఒక చేయి వచ్చి అతని చేతిని పట్టుకొని ఆపెను. శివుడు అతనిని కన్నప్ప యని పిలిచి తన కుడివైపున ఎల్లకాలము నిలువుమని అనుగ్రహించెను. చాటుననున్న శివగోచారి ఇదియంతయు చూచెను. ఆరు దినములు తాను అసహ్యించుకొనిన మాంసపు ముక్కలలో ఏమున్నదో ఆ పండితునకు అప్పుడు తెలిసెను.

భారతమున ఏకలవ్యుడు కూడ అడవిబిడ్డడే, విలుకాడే. గురువు అడుగగా బొటనవ్రేలు ఇచ్చెను. ఆ కథ చదివినప్పుడు మనకు గురువుపై కొంత కోపము వచ్చును. తిన్నని ఎవరును అడుగలేదు. బాధ చూచెను, తనవద్ద ఉన్నది ఇచ్చెను. రెండు కథలను ప్రక్కప్రక్కన ఉంచి తరగతిలో చర్చించినచో, ఇచ్చుటకును కోల్పోవుటకును గల భేదము విద్యార్థులకు తేటపడగలదు.

మరియొక సంగతి. తిన్నడు ఆ ఆరు దినములలో క్రొత్తగా నేర్చినది ఏదియు లేదు. నిద్రలేక నిలుచుట, చిన్న చప్పుడునకు ఉలికిపడుట, ఎదుటి ప్రాణికి ఎప్పుడు ఏమి తోచునో ముందుగ ఎరుగుట, ఇవియన్నియు అడవిపంది అతనికి నేర్పినవే. బెదరు ప్రాణిని చంపుటకై నేర్చిన శ్రద్ధను అతడు ఒంటరివానిని కాచుటకై త్రిప్పుకొనెను.

కన్నప్ప కథ నేటికిని జనులను విడువలేదు. 1954లో రాజ్‌కుమార్ నటించిన కన్నడ చిత్రము, అదే సంవత్సరమున తెలుగున కాళహస్తి మహాత్మ్యము, 1976లో బాపు దర్శకత్వమున కృష్ణంరాజు నటించిన భక్తకన్నప్ప ఈ కథను ఊరూరికి చేర్చినవి. 2025లో మరల తెలుగున ఒక చిత్రము వచ్చినది. 2022లో జిల్లాలను విభజించినప్పుడు శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాలోనికి పోయినది, కాణిపాకము చిత్తూరు జిల్లాలోనే నిలిచినది. కథకు ఆ ఎల్లలు లేవు.

వేటకు మాత్రము కాలము చెల్లినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అనుమతి లేక అడవిపందిని చంపుట నేరము. అయినను చేను పాడగుట ఆగలేదు. రైతు బాధ నిజము. కొందరు చేని చుట్టును విద్యుత్తీగ కట్టుదురు. ఆ తీగకు పాలు విడువని కూన ఏదో, చూలు మోయు తల్లి ఏదో తెలియదు. ఏనుగును చంపును, చీకటిలో నడచివచ్చు పొరుగురైతును చంపును. ఉడుమూరి వేటగాండ్రకు ఉన్న గీత దానికి లేదు. డబ్బాతో రాత్రియంతయు మేలుకొనువాడు కష్టపడుచున్నాడు, కాని అతడు ఎవరిని బెదరించుచున్నాడో ఎరుగును.

శ్రీకాళహస్తిలో మహాశివరాత్రి బ్రహ్మోత్సవములకు మొదటి ధ్వజము స్వామివారి ఆలయమున ఎత్తరు. ముందుగ కన్నప్ప కొండమీద ఎత్తుదురు. భక్తునకు మొదటి గౌరవము ఇచ్చిన పిమ్మటనే దేవునికి. క్రింద ఏటి ఒడ్డున నిలిచి తలయెత్తినవారికి ఆ జెండా కనబడును. గాలి ఏ దిక్కునకు వీచుచున్నదో అది చూపుచుండును.